వాడిది క్రమశిక్షణ అనుకున్నాం

నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, మొదటి రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. మగవాళ్ల మానసిక ఆరోగ్యం అని బోర్డు పెడితే ఎప్పుడూ ఇంతే. అందరూ తలుపు దగ్గరే నిలబడతారు, ఎటో వెళ్తూ వెళ్తూ ఒక్క నిమిషం ఆగినట్టు. నాకు అలవాటే. మీ ఇష్టం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాను. పద్నాలుగేళ్లు జిమ్ ట్రైనర్‌గా చేసి, ఆ తర్వాత సైకాలజీ చదువుకుని కౌన్సెలింగ్‌లోకి వచ్చినవాణ్ణి. ఇవాళ మాట్లాడబోయే జబ్బు ఆ పద్నాలుగేళ్లూ రోజూ నా ఎదురుగా నిలబడి బరువులెత్తింది. నేను గుర్తుపట్టలేదు. పట్టకపోతే పట్టకపోయాను, పైగా భుజం తట్టి మెచ్చుకున్నాను.

ఒక కుర్రాడుండేవాడు. పేరొద్దు. ఇరవై మూడేళ్లుంటాయి. పొద్దున్నే నేను షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. జ్వరమొచ్చినా వచ్చేవాడు, భుజం పట్టేసినా వచ్చేవాడు. ఎంత ఉక్కపోతలోనైనా మణికట్టు దాకా హుడీ. జేబులో టైలర్లు వాడే గుడ్డ టేపు ఒకటి. రెండు సెట్లు కొట్టడం, బాత్‌రూమ్‌లోకి వెళ్లడం, చెయ్యి కొలుచుకోవడం, రావడం. మళ్లీ రెండు సెట్లు. ఆ టేపు నేను తర్వాతెప్పుడో చేతిలోకి తీసుకుని చూశాను. పదిహేనుకీ పదిహేడుకీ మధ్య అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. మిగతా టేపంతా కొత్తదే.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం చేశాను? మిగతావాళ్లకి వాణ్ణి చూపించాను. "డెడికేషన్ అంటే ఇదిరా, చూసి నేర్చుకోండి" అన్నాను. ఒకరోజు అడిగాను కూడా, "ఏరా, ఇంత బాడీ పెట్టుకుని ఈ హుడీ ఏంటి, తీసెయ్" అని. "ఇంకా రాలేదన్నా, వచ్చాక తీస్తా" అన్నాడు. అప్పటికే వాడి చెయ్యి నా చెయ్యికి ఒకటిన్నర రెట్లుంది. ఏం రాలేదో నాకు అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఓ ఏడాది తర్వాత వాళ్లమ్మగారు వచ్చారు. చెప్పుల స్టాండు దగ్గరే నిలబడ్డారు, లోపలికి రాలేదు. "మావాడు మాతో కూర్చుని అన్నం తిని ఏడాదైంది బాబూ. మీరు చెబితే వింటాడని వచ్చాను" అన్నారు. వాడు గిన్నెలో ఏం వేసుకోవాలో, ఎన్ని గ్రాములు వేసుకోవాలో, ఎన్ని గంటలకి తినాలో రాసిచ్చింది నేనే. ఆ కాగితం వాళ్లింట్లో గోడకి అతికించి ఉందట.

ఆ కుర్రాడి దగ్గరికి మళ్లీ వస్తాను.

వాడికున్న దానికి అప్పటికే ఒక పేరుంది. 1993లో హారిసన్ పోప్ అనే అమెరికన్ సైకియాట్రిస్టూ ఆయన సహచరులూ 108 మంది బాడీ బిల్డర్లను పరిశీలించారు. వాళ్లలో కొందరికి ఒక వింత భ్రమ ఉంది. కొండల్లా ఉన్నారు, కానీ తాము బక్కగా ఉన్నామని వాళ్ల నమ్మకం. బయటికి రావడానికి సిగ్గు, వదులు చొక్కాలు, అద్దం. తిండి మానేసి చిక్కిపోయే అనొరెక్సియా అనే జబ్బు ఉన్న మనిషి ఎముకల గూడులా ఉండి కూడా లావుగా ఉన్నానంటుంది కదా, దాన్ని తిరగేసి చూస్తే ఇది. అందుకే ముందు తిరగబడ్డ అనొరెక్సియా అన్నారు. 1997లో మజిల్ డిస్మార్ఫియా అని పేరు మార్చారు. 2013లో అమెరికన్ సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథం, డీఎస్ఎమ్ ఐదో కూర్పు, దీన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్‌లో, అంటే ఒంట్లో ఏదో లోపముందని మనిషిని వదలకుండా వేధించే జబ్బులో, ఒక రకంగా చేర్చింది. ఆ పెద్ద జబ్బు ఓసీడీకి, అంటే ఒకే ఆలోచనా ఒకే పనీ వద్దన్నా మళ్లీ మళ్లీ తిరిగొచ్చే జబ్బుకి, దగ్గరి చుట్టం. వందలో ఇద్దరికి ఉంటుందని అంచనా. ఆడవాళ్లకీ మగవాళ్లకీ దాదాపు సమానంగా వస్తుంది. మొదలయ్యేది ఎక్కువగా పద్దెనిమిదేళ్లలోపే.

ఓసీడీకి చుట్టం అన్నాను కదా, అది ముఖ్యం. తలుపు గడియ పెట్టానా లేదా అని పదిసార్లు లేచి చూసేవాణ్ణి ఎవరూ "ఎంత శ్రద్ధో" అనరు. పదిసార్లు చెయ్యి కొలుచుకునేవాణ్ణి మాత్రం అంటారు. లోపల నడిచే యంత్రం ఒకటే. భయం వస్తుంది, కొలిస్తే కాసేపు తగ్గుతుంది, తగ్గింది కాబట్టి మళ్లీ కొలవాలనిపిస్తుంది. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ ఉన్నవాళ్లకి రోజులో మూడు గంటల నుంచి ఎనిమిది గంటల దాకా దీని మీది ఆలోచనలకే పోతుంది. ఎనిమిది గంటలంటే ఒక ఉద్యోగం.

మగవాళ్ల విషయంలో ఇలా కళ్లెదుట ఉన్నది కనబడకపోవడం కొత్తేమీ కాదు. 1689లో లండన్‌లో రిచర్డ్ మోర్టన్ అనే వైద్యుడు, ఏ రోగమూ లేకుండానే తిండి మానేసి చిక్కిపోతున్న ఇద్దరి గురించి రాశాడు. అనొరెక్సియా చరిత్ర రాసేవాళ్లు మొదట చెప్పేది ఆ ఇద్దరి గురించే. ఒకరు పద్దెనిమిదేళ్ల అమ్మాయి, రెండోవాడు పదహారేళ్ల అబ్బాయి. అంటే మొదటి కాగితంలోనే సగం మంది మగవాళ్లు! ఆ తర్వాత అబ్బాయిని అందరూ మర్చిపోయారు. ఎంతగా అంటే, 2013 దాకా ఆ డీఎస్ఎమ్ గ్రంథంలో అనొరెక్సియా నిర్ధారణకి పెట్టిన షరతుల్లో ఒకటి ఆడవాళ్లకి మాత్రమే వర్తించేది, నెలసరి వరుసగా మూడు నెలలు ఆగిపోవాలని. మరి మగాడొస్తే? నవ్వుతున్నారు కానీ, ఆ ఏళ్లన్నీ డాక్టరు గదిలోకి వెళ్లిన అబ్బాయి సంగతి ఆలోచించండి. అమెరికాలో 2007లో ప్రచురించిన ఒక దేశవ్యాప్త సర్వేలో అనొరెక్సియా, బులీమియా (అంటే తెగ తినేసి, ఆనక కక్కెయ్యడం లాంటివి చేసే జబ్బు) ఉన్నవాళ్లలో నాలుగో వంతు మగవాళ్లని తేలింది.

ఇప్పుడు ఆకలి గురించి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే జిమ్‌లో "కటింగ్" అనే మాట చాలా తేలిగ్గా వాడేస్తాం. పోటీకో, ఫోటోకో ముందు కొవ్వంతా కరిగించడానికి కొన్ని వారాలు కడుపు మాడ్చుకోవడం.

1944 నవంబరులో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం ముగిశాక ఆకలితో అలమటిస్తున్నవాళ్లకి మళ్లీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడం ఉద్దేశం. 36 మంది యువకులు ముందుకొచ్చారు. మనుషుల్ని చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోదని యుద్ధానికి వెళ్లనన్నవాళ్లు వాళ్లు. శరీరం గట్టిది, మనసు ఇంకా గట్టిది అని పరీక్షలు పెట్టి మరీ ఏరారు. 24 వారాలపాటు సగం కడుపుకి తిండి పెట్టి, వారానికి 22 మైళ్లు నడిపించారు. శరీరం బరువులో సుమారు నాలుగో వంతు పోయింది.

బరువు తగ్గడం అందరూ ఊహించిందే. మనసుకి అయింది చూడండి. ఎప్పుడూ వంటింట్లో అడుగుపెట్టని కుర్రాళ్లు వంట పుస్తకాలు పోగేసి నవలల్లా చదవడం మొదలుపెట్టారు. ప్లేటు నాకేవారు. ఒక్కో భోజనాన్నీ గంటలకొద్దీ సాగదీసి తినేవారు. పక్కవాడు తినే తీరు చూసి ఒళ్లు మండేది. స్నేహితులు వద్దు, అమ్మాయిలు వద్దు, కబుర్లు వద్దు. ఎప్పుడూ చలి. చిరాకు, దిగులు. ఒకతను తర్వాత తన వేళ్లు తనే గొడ్డలితో నరుక్కున్నాడు. కావాలని చేశాడో, పొరపాటున జరిగిందో తనకే తెలియదన్నాడు. వీళ్లెవరికీ ముందు మానసిక సమస్య లేదండీ. ఆకలే అదంతా చేసింది.

ఈ ప్రయోగం గురించి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఇవన్నీ నేను చూసినవే. కటింగ్‌లో ఉన్న కుర్రాళ్లు ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తారు, ఒకదాని తర్వాత ఒకటి. మాట్లాడిస్తే కరుస్తారు. "ప్రిపరేషన్‌లో ఉన్నాడు, కదిలించకండి" అని నేనే చెప్పేవాణ్ణి, పరీక్షకి చదువుకునే పిల్లాడి గురించి చెప్పినట్టు.

సరే, ఈ కొలతలన్నీ ఎవరు పెట్టారు?

పాత జాడ్యమే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో యూజెన్ శాండో అనే వస్తాదు గ్రీకు శిల్పాల్లా నిలబడి ఫోటోలు దిగి, ఆ ఫోటోలూ కసరత్తు సామాన్లూ పత్రికా అమ్మాడు. 1901లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో దేహసౌష్ఠవ పోటీ పెట్టాడు. తర్వాతి తరంలో చార్లెస్ అట్లాస్. ఆయన ప్రకటన బొమ్మల కథలా ఉండేది. సముద్రపు ఒడ్డున బక్కవాడి మొహాన కండలవాడు ఇసుక తన్నుతాడు. పక్కన అమ్మాయి చూస్తుంటుంది. బక్కవాడు కోర్సు తెప్పించుకుని, కండలు పెంచి, తిరిగొచ్చి వాడి దవడ పగలగొడతాడు. ఈ వ్యాపారం కిటుకంతా ఆ ఒక్క ఇసుకలో ఉంది. ముందు సిగ్గు అమ్మాలి, ఆ తర్వాతే డంబెల్స్.

పిల్లల బొమ్మల్ని కూడా పోప్ బృందం కొలిచింది. జీఐ జో అనే సైనికుడి బొమ్మ 1964లో వచ్చింది. ఆ బొమ్మని నిజం మనిషంత ఎత్తుకి పెంచితే చెయ్యి చుట్టుకొలత 12.2 అంగుళాలు. 1990ల్లో వచ్చిన దాని కొత్త రూపానికి 26.8 అంగుళాలు. పోటీల్లో గెలిచే బాడీ బిల్డర్లకి కూడా అంత చెయ్యి ఉండదు. అదే పోప్ 2000లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో ఆస్ట్రియా, ఫ్రాన్స్, అమెరికా కుర్రాళ్లని నీకెలాంటి ఒళ్లు కావాలని అడిగితే, తమకున్న దానికన్నా సుమారు 13 కిలోల కండ ఎక్కువున్న బొమ్మని చూపించారు. ఆడవాళ్లకి కూడా అలాంటి ఒళ్లే నచ్చుతుందని అనుకున్నారు. ఆడవాళ్లని అడిగితే, మామూలు మనిషిని చూపించారు.

ఇక మన నోళ్లు. ఒంటిని బట్టి మగాణ్ణి పిలవడానికి మనకి పేర్లకేం కొదవ లేదు. బక్కోడు, బండోడు, పొట్టోడు, గుండోడు, చీపురుపుల్ల, గుమ్మడికాయ. ఎదురుగానే అంటాం. అతనూ నవ్వాలి. నవ్వకపోతే "ఏంట్రా, అంత ఫీలైపోతావు" అంటాం. అమ్మాయిని అలా అంటే ఈ మధ్య ఎవరో ఒకరు "అదేం మాట" అని ఆపుతున్నారు, సంతోషం. అబ్బాయి విషయంలో ఆపేవాళ్లు నాకింకా పెద్దగా కనబడలేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ మొదటి మాట ఎవరన్నారో, ఏ రోజన్నారో, ఒంటి మీద ఏ చొక్కా ఉందో కూడా గుర్తే.

ఫోన్ గురించి మీకు నేను చెప్పేదేముంది. ఒక్కటి మాత్రం చెబుతాను. 2018లో కొందరు సర్జన్లు లెక్కగట్టారు, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే పన్నెండంగుళాల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని. కెమెరా దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన తేడా అది. ఆ తేడాని చూసుకుని ముక్కు బాగుచేయించుకోవడానికి వెళ్లేవాళ్లున్నారు. సిక్స్ ప్యాక్ ఫోటోల వెనక ఏముందో జిమ్‌లో పనిచేసినవాడిగా నేను చెప్పగలను. పక్క నుంచి లైటు, అప్పుడే కొట్టిన ముప్పై పుషప్స్, నూనె, ఒకరోజు నీళ్లు మానెయ్యడం. నీళ్లు మానేసి షూటింగ్ చేశామని నటులే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ ఒళ్లు మర్నాటికి ఆ నటుడికే ఉండదు. ఈ కుర్రాడు దాన్ని ఏడాది పొడుగునా మొయ్యాలనుకుంటాడు.

జుట్టు, ఎత్తు గురించి రెండు ముక్కలు. యాభై ఏళ్లొచ్చేసరికి మగవాళ్లలో సుమారు సగం మందికి ఎంతో కొంత జుట్టు రాలుతుంది. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి కూడా. ఫినాస్టెరైడ్ లాంటివి కొందరిలో లైంగిక ఇబ్బందులూ దిగులూ తేవచ్చు, కాబట్టి డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. ఎత్తు సంగతి ఇంకా ఘోరం. కాలి ఎముక విరగ్గొట్టి రోజుకి మిల్లీమీటరు చొప్పున జరిపే పద్ధతిని సోవియట్ డాక్టర్ ఇలిజరోవ్ కనిపెట్టింది కాళ్లు దెబ్బతిన్నవాళ్ల కోసం. ఇవాళ నిక్షేపంగా నడిచే మగవాళ్లు రెండు మూడు అంగుళాల కోసం ఆ బల్ల ఎక్కుతున్నారు.

స్టెరాయిడ్ల దగ్గరికి వస్తే హాల్లో దగ్గులు మొదలవుతాయి. అదుగో. కొన్ని వారాలు వరసగా వాడటాన్ని జిమ్ భాషలో "సైకిల్" అంటాం, వినడానికి ఎంత అమాయకంగా ఉందో. ఈ స్టెరాయిడ్లు మగ హార్మోను టెస్టోస్టిరాన్, దానిలాంటివే. అది బయటి నుంచి వచ్చిపడితే, ఇక్కడ సరుకు చాలా ఉంది కదా అని మెదడు ఆర్డర్లు ఆపేస్తుంది. వృషణాలు పని మానేసి చిన్నబోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. మిగులు టెస్టోస్టిరాన్‌లో కొంత శరీరంలోనే ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములు పెరుగుతాయి. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, చెడ్డది పెరుగుతుంది, గుండె కండరం మందమవుతుంది. ఇవన్నీ రక్తపరీక్షలోనో స్కానులోనో కనబడతాయి. కనబడనిది, ఆపేసిన తర్వాత వచ్చే దిగులు. సొంత ఉత్పత్తి మళ్లీ మొదలవడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లో కండ కరుగుతుంటుంది, కోరిక ఉండదు, పొద్దున లేవాలనిపించదు. దాన్ని తట్టుకోలేకే ఇంకో సైకిల్ మొదలుపెడతారు. వాడుతున్నవాళ్లు ఈ హాల్లో ఉంటే, తిట్టడానికి చెప్పడం లేదు. మీ అంతట మీరు ఆపెయ్యకండి, ఎండోక్రైనాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి, ఉన్నదున్నట్టు చెప్పి ఆపండి.

దిగులు అన్నాను కానీ మగాడి దిగులు చాలాసార్లు దిగులులా ఉండదు. చిరాకులా ఉంటుంది. బండి మీద స్పీడులా, మందులా, ఇంటికి లేటుగా రావడంలా, రోజుకి రెండుసార్లు జిమ్‌లా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా 7 లక్షల మందికి పైగా ఆత్మహత్య చేసుకుంటున్నారు. మగవాళ్ల రేటు ఆడవాళ్లకి దాదాపు రెట్టింపు. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ ఉన్నవాళ్లలో ఈ ఆలోచనలు మరీ ఎక్కువ. అనుమానం వస్తే సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, అప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కసరత్తు మంచిదే కదా, మరి ఎక్కడ గీత గీయాలి అని అడుగుతారు. ఎంత ఎత్తుతున్నాడు, ఎన్ని గంటలు చేస్తున్నాడు అనే లెక్కలతో నాకు ఎప్పుడూ తేలలేదు. రెండు గంటలు చేసి హాయిగా ఇంటికెళ్లేవాళ్లున్నారు. నేనిప్పుడు ఒకటే అడుగుతాను, దీనికోసం ఏం మానేశావు? నలుగురితో కూర్చుని తినడం మానేశాడా? ఈత మానేశాడా? ఫోటోలో నిలబడటం మానేశాడా? ఒక్కరోజు జిమ్ పోతే ఆ రోజు మనిషిలా ఉండగలడా? మా కుర్రాడు ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లలేదు. ఆ పొద్దున టేపు పావంగుళం తక్కువ చూపించిందట, చొక్కా వదులుగా కనిపిస్తుందని ఆగిపోయాడు. చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోయింది.

వైద్యం ఉందండీ. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని ఒకటి. అద్దాన్నీ టేపునీ హుడీనీ మెల్లగా దూరం చేస్తారు. ఇవాళ పది నిమిషాలు హుడీ లేకుండా కూర్చో, భయం పెరుగుతుంది, పెరగనీ, కొలవకు, తగ్గేదాకా ఆగు. వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ పది నిమిషాలు వాడికి నరకం. దిగులుకీ ఓసీడీకీ వాడే ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందులు కూడా పనిచేస్తాయి, అయితే పన్నెండు వారాల దాకా ఓపిక పట్టాలి. ఈ జబ్బుకి కాస్మెటిక్ సర్జరీ మాత్రం సాధారణంగా పనికిరాదు. ముక్కు మీద బెంగ గడ్డం మీదికి మారుతుంది, అంతే.

ఇంట్లోవాళ్లకి ఒక సలహా. "బాగానే ఉన్నావురా" అని వంద సార్లు చెప్పకండి. ప్రేమతోనే చెబుతారు, తెలుసు. అది కూడా టేపు లాంటిదే. విన్న ఐదు నిమిషాలు ఊరట, ఆరో నిమిషం మళ్లీ అడుగుతాడు. "కష్టంగా ఉన్నట్టుంది, పద, ఇద్దరం బయటికెళ్దాం" అనండి, వాడి ఒంటి మాట ఎత్తకుండా. ఇంకొకటి, ఇది నా సొంత అభిప్రాయం. "నీ శరీరాన్ని నువ్వు ప్రేమించుకో" అనే పోస్టర్లంటే నాకు పెద్ద నమ్మకం లేదు. అది కూడా ఇరవై నాలుగ్గంటలూ ఒంటి గురించే ఆలోచించమనడమే. సాయంత్రం దాకా ఒళ్లనేది ఒకటుందని గుర్తు రాకపోతే చాలు.

ఆ కుర్రాడు ఏడాదిన్నర థెరపీకి వెళ్లాడు. మధ్యలో రెండుసార్లు మానేశాడు. టేపు తెచ్చి నాకిచ్చి "నేను అడిగినా ఇవ్వకన్నా" అన్నాడు. నాలుగో రోజు వచ్చి అడిగాడు. ఇచ్చాను, నాకప్పటికి ఈ చదువు లేదు. మళ్లీ తెచ్చిచ్చాడు. ఇప్పటికీ జిమ్‌కి వెళ్తాడు, వారానికి మూడు రోజులు. హుడీ ఉందో లేదో నేను అడగలేదు.

ఇక ప్రశ్నలు. మైకు ఉంది, కానీ చీటీలు కూడా పెట్టించాను, పెన్నులు చివరి కుర్చీల మీద ఉన్నాయి. పోయినసారి ఇలాంటి సభలోనే మైకులో వచ్చిన ప్రశ్నలన్నీ "మా ఫ్రెండొకడున్నాడండీ" అని మొదలయ్యాయి. చీటీల్లో ఒక్కదాంట్లోనూ ఫ్రెండు లేడు. పేరు రాయక్కర్లేదు. మడిచి ఇటు పంపించండి. తలుపు దగ్గర ఉన్నవాళ్లు కూడా.